గంట గుర్రం పాలు

నా కూతురు యులాలియా గుర్రం పాలు తాగి బతికిందని నేనంటే, ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ముసలిదానికి మతి తప్పిందన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. యులాలియాకేమో నామోషీ. "నలుగురిలో ఆ గుర్రం గోల ఎత్తకే అమ్మా" అని మోచేత్తో పొడుస్తుంది. ఎత్తకుండా ఎలా ఉంటాను? ఇవాళ ఆవిడగారికి ఇంటినిండా పిల్లలు, శాంతా అనా ఏటి ఒడ్డున ద్రాక్షతోట, పెరట్లో కేకేస్తే అవతలి ఒడ్డుకు వినబడే గొంతు. ఆ గొంతు ఒకప్పుడు పిల్లికూన గొంతంత అయిపోయి, అది కూడా ఆగిపోబోయింది. దాన్ని తిరిగి ఇచ్చినవాళ్ళ పేర్లు నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

మాది అబిక్యూ అనే ఊరు, కాలిఫోర్నియాకి తూర్పున నెలల ప్రయాణం దూరం. మా ఆయన క్విరీనో నేతగాడు. మగ్గం ముందు కూర్చుంటే అంతటివాడు లేడు. మగ్గం దిగితే మాత్రం ఏ చెప్పు ఏ కాలిదో నన్నడగాలి. మేం పెళ్ళి చేసుకున్న కొత్తలోనే వానలు మొహం చాటేశాయి. గొర్రెలు చచ్చాయి, ఉన్నికి కరువొచ్చింది, ఊళ్ళో సగం మగ్గాల మీద కోళ్ళు పడుకోవడం మొదలెట్టాయి. అలాంటప్పుడు కాలిఫోర్నియా నుంచి కబురొచ్చింది. అక్కడెవరో పెద్ద పశువుల ఆసామి, తన గుర్రాల మందల్ని దొంగల బారి నుంచి కాపాడే మనుషులకి ఏటి పక్కన భూమి ఇస్తాడట. గుర్రమెక్కితే కళ్ళు తిరిగే మా ఆయన గుర్రాలకి కాపలా! కడుపుబ్బ నవ్వాను. నవ్వడం అయ్యాక సామాను మూట కట్టాను.

కోతలైపోయిన రోజుల్లో దోన్ అన్సెల్మో బిడారుతో బయల్దేరాం. ఏటా మా వైపు దుప్పట్లు కాలిఫోర్నియాకి పట్టుకుపోయి, వాటికి బదులు గుర్రాలూ కంచరగాడిదలూ తోలుకొచ్చే వర్తకం ఆయనది. క్విరీనో రెండేళ్ళు కూర్చుని నేసిన దుప్పట్లన్నీ కపితానా అనే నల్ల కంచరగాడిద మీద ఎక్కాయి. మా కొత్త కాపురానికి ఆ మూటే పెట్టుబడి. యులాలియా అప్పటికి పసిగుడ్డు, రొమ్ము వదిలేది కాదు. పాలకి మాకు ఒక మేక కూడా ఉండేది. ఆ బిడారులో పాలిచ్చే ఆడవాళ్ళు ఇంకెవరూ లేరు. ఉన్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ మనవల్ని ఎత్తిన వయసువాళ్ళు.

మనుషులకి పెద్ద దోన్ అన్సెల్మో అయితే, కంచరగాడిదలకి పెద్ద సెనీసా. బూడిద రంగు ఆడగుర్రం, మెడలో కంచు గంట. కంచరగాడిదకి మనిషి మాటన్నా లెక్కలేదు, బెత్తమన్నా లెక్కలేదు గానీ, గంట గుర్రమంటే పడి చస్తుంది. అది నడిస్తే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది, దాని గంట వినబడే మేర దాటి మేతకి కూడా పోదు. పొద్దున్నే గంట మోగితే చాలు, మందంతా వచ్చి, మూట కింద వీపున కట్టే తోలు దిండ్లు పరిచి ఉంటే, దేని దిండు ముందు అది వరసగా నిలబడేది, చర్చిలో ముసలమ్మల్లా. అప్పుడు కళ్ళకు గంతలు కట్టి, ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి మూటలు బిగించేవాళ్ళు. ముడి పడగానే ఇటువాడు "ఆదియోస్!" అని అరిచేవాడు, అంటే పోయొస్తా అని. అటువాడు "వాయా!" అనేవాడు, అంటే ఇక పో అని. గంతలు విప్పగానే కంచరగాడిద తిన్నగా సెనీసా పక్కకి చేరేది. ఒక్క కపితానా మాత్రం పోతూ పోతూ దగ్గర ఉన్నవాణ్ణి కరిచి పోయేది. మొదటి రోజే మా ఆయన భుజం మీద దాని పళ్ళు దిగాయి.

గంట గుర్రానికి ఒకటే నియమం. దానికి పిల్ల ఉండకూడదు. కంచరగాడిదలకి పిల్లలు పుట్టవు కదా, గుర్రప్పిల్ల కనబడితే వాటికి పిచ్చెక్కుతుంది. నాదంటే నాదని కొట్టుకుంటాయి, ఆ కొట్లాటలో ఆ పిల్లనే తొక్కేస్తాయి. అందుకని చూలు కట్టని గుర్రాన్ని ఏరి మరీ తెస్తారు. ఏరే పని పాన్ఫిలో తాతది. కాపరులందరికీ ఆయనే పెద్ద. వంగిన నడుం, ఉన్న నాలుగు పళ్ళ మధ్య ఎప్పుడూ చుట్ట.

"దాని పొట్ట కాస్త దిగినట్టు లేదూ?" అని బయల్దేరేముందే దోన్ అన్సెల్మో అడిగాడు.

"గడ్డి పొట్ట అయ్యగారూ. కొన్నచోట మేత బాగా దొరికింది" అన్నాడు పాన్ఫిలో. "గుర్రాలు వసంతంలో ఈనతాయి గానీ చలికాలంలో ఈనే గుర్రం ఎక్కడన్నా ఉందా? కళ్ళు మూసుకుని చెయ్యేస్తే నిన్న తిన్నది గడ్డో మొక్కజొన్నో చెప్తా నేను."

ఆ మాటమీద ఇంకెవరూ నోరెత్తలేదు. నేను కూడా అప్పుడే కాన్పయి లేచినదాన్నే, నాకూ తట్టలేదు.

దారి గురించి చెప్పమంటే తిట్లే వస్తాయి. ఎక్కడం, దిగడం, ఏరు దాటడం, తడిసిన బట్టలు ఒంటిమీదే ఆరడం. అయినా యులాలియా నిక్షేపంలా ఉండేది. కాపరులు మూట బిగించి "ఆదియోస్" అన్నప్పుడల్లా అది పళ్ళు లేని నోరు తెరిచి నవ్వేది. ఆ మొరటు మనుషులు దాని నవ్వు కోసం అవసరం లేకపోయినా ఇంకోసారి అరిచేవాళ్ళు.

అమర్గోసా దగ్గర మా రాత తిరగబడింది. ఆ ఏటి పేరులోనే చేదుంది, నీళ్ళలో అంతకంటే ఎక్కువ ఉంది. ఎంత దాహమేసినా తాగొద్దని పాన్ఫిలో చెబుతూనే ఉన్నాడు. పాలిచ్చే ఒళ్ళు ఎవరి మాట వింటుంది? తాగాను. మేక కూడా తాగింది. మేక మర్నాటికి చచ్చింది. నేను చావలేదు గానీ, లోపల ఉన్నదంతా కక్కుకుని, విరేచనాలతో ఒళ్ళు పిండేసిన గుడ్డలా అయింది. కాళ్ళ మీద నిలబడేసరికి నా రొమ్ములు ఎండిపోయాయి.

యులాలియాకి మొక్కజొన్న జావ పలచగా కాచి పోశాం. కక్కేసింది. ఎండు మాంసం ఉడికించిన నీళ్ళు పోశాం. అదీ కక్కేసింది. నా రొమ్ము పట్టుకుని గుంజి గుంజి, ఏమీ రాక, ఏడ్చేది. తర్వాత ఏడవడం తగ్గించింది. పసిపిల్ల ఏడవడం మానేస్తే ఇంట్లోవాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు కదా, నేనేమో ఆ నిశ్శబ్దానికి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. క్విరీనో దాన్ని తన చొక్కాలో పెట్టుకుని నడిచేవాడు. మాటిమాటికి చొక్కా లోపలికి తొంగి చూసుకునేవాడు.

ఉప్పు ఊట దగ్గర విడిది చేశాం. అక్కడి నుంచి మోహావే ఏరు దాకా చుక్క నీరు లేని దారి. దాన్ని ఒక్క ఊపులో దాటాలి. తెల్లారుతుండగా కంచరగాడిదల గోలకి అందరం లేచి చూశాం. మందంతా ఒకచోట గుమిగూడి, ఒకదాన్నొకటి తన్నుకుంటూ, కరుచుకుంటూ, మెడలు చాపి ఓండ్రపెడుతోంది. మధ్యలో సెనీసా. దాని కాళ్ళ కింద తడి తడిగా, వణుకుతూ, కాళ్ళెక్కడ పెట్టాలో తెలియని గుర్రప్పిల్ల.

కాపరులు బెత్తాలు పట్టుకుని మందని విడదీయడానికి చాలా సేపు పట్టింది. అంత కంగారులో కూడా ఒకడు ఊరుకోలేకపోయాడు.

"తాతా, నీ గడ్డి పొట్టకి కాళ్ళు మొలిచాయి చూడు!"

"చెయ్యేసి చెప్పు తాతా, ఇది గడ్డా, మొక్కజొన్నా?"

పాన్ఫిలో నోట్లో చుట్ట కింద పడింది. దాన్ని తీసుకోవాలని కూడా ఆయనకి తోచలేదు.

దోన్ అన్సెల్మో వచ్చి చూసి, మీసం దువ్వుకుని, కొంచెంసేపు నేల చూశాడు. "రాళ్ళ వెనక్కి తీసుకెళ్ళు పాన్ఫిలో. సెనీసా చూడకుండా కత్తితో త్వరగా కానిచ్చెయ్" అన్నాడు. ఆ మాటన్నాక మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. దారిలో ఈనిన పిల్లకి ఎక్కడైనా అదే రాత. అది నడవలేదు, దాని కోసం తల్లి ఆగుతుంది, తల్లి కోసం మందంతా ఆగుతుంది. నీళ్ళు లేనిచోట మంద ఆగితే మనుషుల ప్రాణాలు పోతాయి.

పాన్ఫిలో కత్తి తీశాడు. తీసి, కదలకుండా నిలబడ్డాడు. సెనీసా పొదుగు నిండుగా బిగిసి ఉంది. పిల్ల మూతితో వెతుక్కుంటూ పొడిస్తే ఒక చుక్క జారి ఇసకలో పడింది. నేను చూసింది ఆ చుక్కనే. నీరసంతో అప్పటిదాకా కూర్చుని ఉన్నదాన్ని, ఎలా లేచానో ఎలా పరుగెత్తానో నాకు తెలియదు.

"తాతా! పాలు తాతా! నా పిల్లకి పాలు!"

పాన్ఫిలో ఒక్కసారి నా వంక, ఒక్కసారి గుర్రం వంక చూసి, కత్తి బొడ్లో దోపి, నడుముకున్న సొరబుర్ర తీసి గుర్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒకవైపు పిల్లని తాగనిచ్చి రెండోవైపు పిండాడు. సొరబుర్ర అడుగు కూడా నిండలేదు. గుడ్డ పీలిక ముంచి యులాలియా నోట్లో పెట్టాను. మొదట పెదవులు కదపలేదు. క్విరీనో దాని పాదం మీద వేలితో రాస్తూ, "తాగమ్మా, తాగు నా బంగారం, మంచి గుర్రం, బూడిద గుర్రం" అంటున్నాడు. రెండోసారి ముంచి పెట్టేసరికి పీల్చింది. నా వేలు కూడా కలిపి పీల్చింది. ఆ పీల్చిన లాగు ఇప్పటికీ ఈ వేలికి గుర్తుంది.

అది కక్కలేదు. తాగింది తాగినట్టు లోపల నిలిచి, పసిదాని మొహంలో కాస్త రంగు వచ్చి, నిద్రపోయింది. నేను గుర్రం ముంగాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. ఏడవడానికి ఒంట్లో నీరు ఎక్కడ మిగిలిందో మరి.

"సరే" అన్నాడు దోన్ అన్సెల్మో, ఆయన గొంతు కూడా మెత్తబడింది. "గుర్రం పాలు నీ పిల్లకే, కావలసినన్ని పిండుకో. గుర్రప్పిల్ల సంగతి మాత్రం తప్పదు."

"అలా కుదరదు అయ్యగారూ" అన్నాడు పాన్ఫిలో. "పిల్ల పక్కన లేకపోతే ఇది చేపదు. ఎల్లుండికి పొదుగు ఎండిపోతుంది. పైగా పిల్ల చచ్చిన చోటికే మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది. దాని వెనక ఈ దరిద్రప్పీనుగులన్నీ వస్తాయి."

"ముందే చూసుకోవలసిన పెద్దమనిషివి నువ్వు."

"చూసుకోలేదు. తిట్టండి, పడతా. తిట్టడం అయ్యాక మోసుకుపోదాం."

"దేని మీద? బరువు లేని జంతువుని ఒకదాన్ని చూపించు."

తిత్తుల్లో నీళ్ళు, మూటల్లో తిండి, సరుకు. ఏ వీపూ ఖాళీ లేదు. నేను ఒక్కొక్కరి మొహం చూస్తూ, ఏ పునీతుడికి ఏ మొక్కు మొక్కాలా అని తడుముకుంటున్నాను. అంతలో వెనక నుంచి తాడు కోసిన చప్పుడు, ధబ్బుమని మూట పడిన చప్పుడు.

చూస్తే మా ఆయన. మందని విడదీశాక ముందుగా కట్టి నిలబెట్టిన కపితానా పక్కన నిలబడి, ముడి విప్పడం చేతకాక చాకుతో కోసేశాడు. రెండేళ్ళ దుప్పట్లు ఇసకలో పడి ఉన్నాయి. కపితానా అతని టోపీ నములుతోంది.

"ఏయ్ నేతగాడా, బుద్ధుందా?" అన్నాడు దోన్ అన్సెల్మో. "అక్కడికి పోయి దేంతో బతుకుతావ్?"

"దుప్పటైతే మళ్ళీ నేస్తానండీ" అన్నాడు క్విరీనో. "యులాలియాని నెయ్యడం నాకు రాదు."

పెళ్ళయినప్పటి నుంచీ నేను ఆ మనిషిని ఎన్ని అన్నానో. చేతకానివాడన్నాను, మొద్దన్నాను, మగ్గానికి కట్టేసిన మేకన్నాను. అవన్నీ ఆ ఒక్క మాట ముందు నా నోట్లోనే చచ్చాయి. ఇప్పటికీ అప్పుడప్పుడు కొత్తవి అంటూనే ఉంటాను, అది వేరే సంగతి.

"మోయడం సరే, కంచరగాడిదలు దీన్ని బతకనిస్తాయా? దారంతా పైన పడతాయి" అన్నాడు ఒక కాపరి.

పాన్ఫిలో అప్పుడు మొదటిసారి నవ్వాడు, ఉన్న నాలుగు పళ్ళూ కనిపించేలా. "ఇది ఎక్కేది కపితానా వీపురా. చూస్తూ ఉండు."

మూటలోంచి క్విరీనో అన్నిటికంటే మంచి దుప్పటి లాగాడు, నీలం చారలది, గవర్నరు దొరైనా కప్పుకోదగ్గది. దాన్ని ఉయ్యాలలా కట్టి గుర్రప్పిల్లని అందులో పెట్టారు. కాళ్ళు నాలుగూ బయటికి వేలాడాయి. కపితానా మెడ తిప్పి ఆ పిల్లని వాసన చూసింది. అది నాలుక చాపి ఆ పిల్ల చెవిని ఒక్కసారి నాకింది. తర్వాత దగ్గరికి రాబోయిన ఇంకో కంచరగాడిదని రెండు కాళ్ళూ ఎత్తి తన్నింది చూడు, ఆ దెబ్బకి అది సెనీసా అవతలికి పోయి నిలబడింది. అంతే. ఆ రోజు నుంచి ఆ పిల్ల కపితానా సొత్తు. అందరినీ కరిచే ఆ మొండిది, పాలు తాగడానికి పిల్లని దింపే పాన్ఫిలోని, తల్లిని తప్ప ఇంకే ప్రాణినీ దగ్గరికి రానిచ్చేది కాదు.

"సాయంత్రానికి మనం వెనకబడితే మాత్రం నా మాట నెగ్గాలి" అని దోన్ అన్సెల్మో గుర్రమెక్కాడు.

కాపరి ఒకడు ఉయ్యాల ముడి బిగించి, కొంచెం సిగ్గుపడుతూ, "ఆదియోస్" అన్నాడు. అవతలి నుంచి క్విరీనో "వాయా" అన్నాడు. అతను ఆ మాట అనడం అదే మొదలు.

మేం వెనకబడలేదు. తన పిల్ల కపితానా మీద కళ్ళెదురుగా ఊగుతూ పోతుంటే సెనీసా ఆగదు, సెనీసా ఆగకపోతే మంద ఆగదు. ఎప్పటికంటే చురుగ్గా నడిచిందని దోన్ అన్సెల్మోయే ఒప్పుకున్నాడు. మనుషులు నిలబడి గుక్కెడు నీళ్ళు తాగే ప్రతిచోటా పాన్ఫిలో పిల్లని దింపేవాడు. అది ఒకవైపు, సొరబుర్ర రెండోవైపు. సెనీసాకి తాగడానికి నీళ్ళు చాలక పాలు తగ్గుతున్నాయని తెలిసి, కాపరులు తమ వాటాలోంచి తలా కాస్త తోలు బొక్కెనలో పోశారు. ఎవరూ పొయ్యమని చెప్పలేదు. పోశామని కూడా చెప్పుకోలేదు. పెదవులు పగిలి నెత్తురోడుతున్న మనుషులు వాళ్ళు. వాళ్ళ పేర్లన్నీ నేను ప్రతి ఆదివారం ప్రార్థనలో తలుచుకుంటాను. బతికున్నవాళ్ళు ఎవరో పోయినవాళ్ళు ఎవరో తెలియదు గనక రెండు రకాలుగానూ తలుచుకుంటాను.

మోహావే ఏటి దగ్గర చెట్లు కనిపించిన పూట యులాలియా ఏడ్చింది. పిల్లికూన ఏడుపు కాదు, చెవులు చిల్లులు పడే ఏడుపు, మొహం ఎర్రగా చేసుకుని, కాళ్ళు జాడిస్తూ. కాపరులు ఒక్కొక్కరే టోపీలు తీశారు. పాన్ఫిలో చుట్ట వెలిగించుకుని, "ఇదిగో, ఇప్పుడు ఇది గడ్డి పొట్ట కాదు, పాల పొట్ట" అన్నాడు.

శాన్ బెర్నార్దీనో లోయలో దిగేసరికి పచ్చికతో నేల కనబడలేదు. మాకు చెప్పిన భూమి నిజంగానే ఇచ్చారు. ఏటి పక్కన కొమ్మలతో పాక వేసుకున్నాం. దోన్ అన్సెల్మో దుప్పట్లు మార్చుకోవడానికి ఊళ్ళ మీద పడ్డాడు. వసంతం దాకా మందని మేపుతూ పాన్ఫిలో మా దగ్గరే కొండవాలున మకాం పెట్టాడు. ఆసామి వాకిట్లో ఆవులకి లెక్క లేదు గానీ, అవన్నీ తోళ్ళ కోసం పెంచే అడవి ఆవులు. పిండబోతే కొమ్ములతో సమాధానం చెబుతాయి. అందుకని సెనీసాని, పిల్లని మా పాక పక్కనే ఉంచాడు తాత.

మెడలో గంట లేదేమని అడిగితే, "ఆ మోతకి పసిదానికి నిద్ర పట్టద్దా?" అన్నాడు. మొదట్లో కంచరగాడిదలు కొండ దిగి సెనీసా కోసం పరుగెత్తుకొచ్చేవి. పాన్ఫిలో వాటి ఏడు తరాల్నీ తిట్టుకుంటూ తోలుకుపోయేవాడు. పోనుపోను రావడం మానేశాయి. కొండ అవతల నుంచి గంట మాత్రం వినబడుతూ ఉండేది. నా పిల్ల తాగుతోంది, ఎదుగుతోంది. ఇంకేదీ నేను పట్టించుకోలేదు.

పచ్చిక పండే రోజులొచ్చేసరికి యులాలియా పాకడం నేర్చింది. జావ తింటోంది, కక్కడం లేదు. బిడారు తిరిగి బయల్దేరే రోజు దగ్గరపడింది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. నా పిల్ల గురించి కాదు. బిడారు కదలాలంటే గంట గుర్రం ఉండాలి. గంట గుర్రంతో పిల్ల పోకూడదు. అంటే తల్లి పోతుంది, పిల్ల ఇక్కడ ఉంటుంది.

"పిల్లని వాళ్ళు మనకి వదిలేసిపోతారు" అన్నాను క్విరీనోతో. "అది తల్లి వెనక పరుగెత్తకుండా దాన్ని గట్టిగా పట్టుకోవలసింది నేనే. నా పిల్లని నిలబెట్టిన తల్లి దగ్గర్నుంచి దాని పిల్లని నేనే లాక్కోవాలి."

"అడిగి చూద్దామా?"

"ఏమని అడుగుతావ్? ఆ మంద ఆయన బతుకు. గంట గుర్రం లేకపోతే ఇక్కడ తీసుకున్న కొత్త కంచరగాడిదలతో సహా మందంతా నాలుగు దిక్కులా పోతుంది. ఇప్పటికే మనకి ఎంత చేశారు? ఇంకా ఏ మొహం పెట్టుకుని అడగను?"

అతను లేచి పోయి సెనీసాకి గడ్డి వేశాడు.

బయల్దేరే పొద్దున నేను సెనీసా మెడ పట్టుకుని నిలబడ్డాను. చెప్పవలసినవి చెప్పాను. గుర్రంతో మాట్లాడితే నవ్వేవాళ్ళు నవ్వనీ. నా చంకలోంచి యులాలియా దాని జూలు పట్టి గుంజింది. అది తల కదపకుండా గుంజనిచ్చింది. గుర్రప్పిల్ల మెడలో వెయ్యడానికి తాడు పేనుకుని రెండో చేత్తో పట్టుకున్నాను. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మైదానంలో మూటలు బిగిస్తున్నారు. "ఆదియోస్!" "వాయా!" "ఆదియోస్!" "వాయా!" చివరి మూట కూడా అయింది. కపితానా మాత్రం మెడ తిప్పి మా పాకవైపు ఒకసారి ఓండ్రపెట్టింది, దగ్గర ఉన్నవాణ్ణి కరిచింది, కదిలింది. సెనీసాని తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. గంట మోగింది. మంద నడిచింది.

తలెత్తి చూశాను. గంట ఒక గోధుమరంగు ఆడగుర్రం మెడలో ఉంది. కంచరగాడిదలన్నీ దాని వెనక, దాని పక్కన, దాన్ని ఒరుసుకుంటూ పోతున్నాయి.

పాన్ఫిలో గుర్రం మీద మా ముందు ఆగాడు. "అలా చూస్తావేం పిల్లా? చలికాలమంతా కొండ అవతల నేనేం చేస్తున్నాననుకున్నావ్? ఆ వెధవ మందకి కొత్త పెళ్ళికూతుర్ని చూపించి ఒప్పించేసరికి నాకున్న నాలుగు పళ్ళూ ఊడేంత పనయింది."

"మరి దోన్ అన్సెల్మో..."

దోన్ అన్సెల్మో వెనకే వచ్చాడు. సెనీసాని, దాని పొదుగులో మూతి పెట్టి తాగుతున్న పిల్లని చూశాడు. మీసం దువ్వుకున్నాడు.

"పిల్ల ఉన్న గుర్రం బిడారుకి పనికిరాదు" అన్నాడు కఠినంగా. "అది దారి నియమం. నేను నియమం తప్పే మనిషిలా కనబడుతున్నానా నీకు?"

లోకంలో నా అంత నోరున్న మనిషి లేదని మా ఊళ్ళో అనేవాళ్ళు. ఒక్క మాట రాలేదు. క్విరీనో వంగి దోన్ అన్సెల్మో చెయ్యి కళ్ళకద్దుకోబోతే ఆయన విసుగ్గా చెయ్యి లాక్కుని, గుర్రాన్ని అదిలించి పోయాడు. పాన్ఫిలో కొంచెం దూరం పోయి, వెనక్కి తిరిగి, చుట్ట తీసి, "ఆదియోస్, పాల పొట్టా!" అని యులాలియాని చూసి అరిచాడు. అది పళ్ళు రాబోయే నోరు తెరిచి నవ్వింది. క్విరీనో గట్టిగా "వాయా!" అన్నాడు.

గంట మోత వినబడినంతసేపూ సెనీసా చెవులు అటే నిక్కి ఉన్నాయి. ఒక అడుగు కూడా వేసింది. పొదుగు నోట్లోంచి జారిపోయి పిల్ల విసుగ్గా దాని కడుపులో పొడిచింది. సెనీసా ఆగి, దాన్ని వాసన చూసి, తల దించి గడ్డి మేసింది. నా చేతిలో తాడు ఉందని అప్పుడు గుర్తొచ్చి ఏట్లోకి విసిరేశాను. యులాలియాని ఒళ్ళో పెట్టుకుని ఆ తల్లీపిల్లల పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా అక్కణ్ణుంచి లేవలేదు.